కుడి కంట్లో మెరుపు

పడుకోబోయే ముందు ఆమె రోజూ ఒక పని చేసేది. మంచం మీద కూర్చుని, కళ్ళద్దాలు తీయకుండానే, ఎడమ కన్ను అరచేత్తో మూసి కుడి కంటితో ఎదురుగా ఉన్న తలుపు చట్రాన్ని చూసేది. నాలుగు మూలలూ ఉన్నాయా? ఉన్నాయి. తర్వాత కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూసేది. నాలుగు మూలలూ ఉన్నాయి. అప్పుడు గానీ దీపం ఆర్పేది కాదు. పెళ్లయిన కొత్తలో భర్త ఇది చూసి నవ్వాడు. కారణం తెలిశాక మళ్ళీ నవ్వలేదు.

కారణం ఆమె తండ్రి. ఆయన ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాడు. కుడి కంటి మూల నల్లగా ఏదో అడ్డం వస్తోందని ఆయనకు తెలుసు. తెలిసి కూడా తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేదు. పదో రోజు పొద్దున అచ్చాఫీసు మెట్లు కనిపించక దొర్లి పడితే అప్పుడు బయటపడింది. కంటి వెనక ఉండే పొర ఊడి వచ్చేసిందనీ, వెంటనే వచ్చి ఉంటే అతికించేవాళ్ళమనీ డాక్టర్లు చెప్పారు. మూడేళ్ళకు రెండో కన్నూ అదే దారి పట్టింది. అప్పటికి ఆమెకు పదిహేడేళ్ళు. "ఎందుకు చెప్పలేదు నాన్నా?" అని ఎన్నిసార్లు అడిగినా ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడే తప్ప నోరు విప్పలేదు. ఆయన పోయినా ఆమెకు ఆ కోపం పోలేదు.

తండ్రి కళ్ళే ఆమెకూ వచ్చాయి. బడిలో అందరూ సోడాబుడ్డి అనేవాళ్ళు. యాభై ఒకటో ఏట ఆమె పవరు మైనస్ పదకొండు. అద్దాలు తీస్తే తన చేతివేళ్ళు తనకే లెక్కకు రావు. ఆమెకు దొరికిన ఉద్యోగం కూడా కళ్ళద్దాల కొట్లోనే. ముందు గదిలో ఫ్రేములు, అద్దాలు, నవ్వుముఖాల సేల్స్‌వాళ్ళు. వెనక గదిలో ఆమె, సానరాయి యంత్రం, నీళ్ళ గొట్టం, తెల్లటి గాజు బురద. వచ్చిన ప్రతి గాజునూ ఫ్రేము ఆకారానికి అరగదీసి, గూట్లో టక్కున కూర్చునేలా చెయ్యడం ఆమె పని. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. ఆమె చెయ్యి తగలని కళ్ళద్దం ఆ వీధిలో అరుదు. ఆమె ముఖం మాత్రం కొనేవాళ్ళెవరికీ తెలియదు.

ఆ కొట్టుకు బుధవారాల్లో ఒక కంటి డాక్టరమ్మ వచ్చేది. ఆమె ఒకసారి ఈవిడ కళ్ళలోకి దీపం వేసి చూసి సూటిగా చెప్పింది.

"మెరుపులు, మసి, తెర. ఈ మూడింట్లో ఏది కనబడినా ఆ రోజే రావాలి. మర్నాడు కాదు. గుర్తుంటుందా?"

"ఉంటుందండీ," అంది ఆమె. ఆ రోజు నుంచి తలుపు చట్రం చూసేటప్పుడల్లా ఆ మూడు మాటలూ ఆమెకు గుర్తొచ్చేవి.

గాజు అరగదీసే చేతులు ఊరుకోవు. నలభై ఐదు దాటాక, ఎనిమిది అంగుళాల వెడల్పున్న మందపాటి గాజు బిళ్ళ ఒకటి తెప్పించుకుని, వెనక గదిలోనే ఒక డ్రమ్ము మీద పెట్టి, పని అయిపోయాక రోజూ గంటసేపు దాని చుట్టూ తిరుగుతూ రుద్దింది. ఏడు నెలలకు అది టెలిస్కోపు అద్దమైంది. సిమెంటు స్తంభాలకు వాడే అట్ట గొట్టంలో దాన్ని బిగించింది. కుట్టుమిషన్లు బాగుచేసే భర్త, పాత మిషన్ బల్లల చెక్కతో కింద పీట చేసిపెట్టాడు. ఇలాంటి కళ్ళు పెట్టుకుని చుక్కలు చూడటమేమిటని చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. నిజానికి అద్దాలు తీసేసి, గొట్టాన్ని తన కంటికి సరిపడా తిప్పుకుంటే, ఆ గుండ్రటి కిటికీలో ఆమెకు లోకంలో ఇంకెక్కడా కనిపించనంత స్పష్టంగా కనబడేది. అందుకే ఆ పిచ్చి పట్టింది.

ఆ పిచ్చిలో ఒక పెద్ద పండగలాంటి రాత్రి ఉంది. రెండు వందల యాభై ఏళ్ళ కిందట ఒక తోకచుక్కల వేటగాడు, తోకచుక్కలా కనిపించి తనను మోసం చేసే మసక మచ్చలన్నిటికీ ఒక జాబితా రాసిపెట్టుకున్నాడు. చుక్కల గుంపులు, నీహారికలు, ఎక్కడో దూరాన ఉన్న గెలాక్సీలు, అన్నీ కలిపి నూట పది. ఏడాదిలో ఒక్క కాలంలో, చంద్రుడు లేని రాత్రి, పొద్దుగూకినప్పటి నుంచి తెల్లారేదాకా వెతికితే ఆ నూట పదీ ఒకే రాత్రిలో చూడవచ్చు. నాలుగేళ్ళుగా ఆమె ఆ రాత్రి కోసం కాచుకుంది. ఒక ఏడు మబ్బు, ఒక ఏడు జ్వరం, ఇంకో రెండేళ్ళు సెలవు దొరకలేదు.

ఐదో ఏడు అన్నీ కుదిరాయి. తోడు వచ్చింది ఆడపడుచు. ఆమెకన్నా ఎనిమిదేళ్ళు చిన్న. బడి వాన్ నడుపుతుంది, ఆ పిల్లలంతా హారన్ ఆంటీ అంటారు. చుక్కలంటే ఆవిడకు ఆసక్తి లేదు, వదిన అంటే ఉంది.

"మసక మచ్చలు చూడ్డానికి డెబ్బై కిలోమీటర్లా వదినా? నా వాన్ అద్దం మీద బోలెడున్నాయి, రా, చూపిస్తా," అంది బయలుదేరేటప్పుడు.

కొండ మీద మూతపడిన ఒక పాత వాతావరణ కేంద్రం ఉంది. తాళం వేసిన రెండు గదులు, ముందు సిమెంటు గచ్చు, చుట్టూ గడ్డి. ఫోను పలకదు. ఆ సంగతి పైకి వచ్చాక గానీ తెలియలేదు. తెలియగానే ఆమె ఫోను పైకెత్తి గచ్చంతా ఒకసారి తిరిగింది. పైకి మాత్రం, "ఒక్క రాత్రే కదా," అంది.

చీకటి పడీ పడకముందే మొదటి రెండింటినీ పడమటి వెలుగులో గాలించి పట్టుకుంది. అక్కడినుంచి చేతులు వాటంతట అవే నడిచాయి. కళ్ళద్దాలు తాడుతో మెడలో వేలాడుతున్నాయి. పటం చూడటానికి అద్దాలు పెట్టుకోవడం, గొట్టంలో చూడటానికి తీసెయ్యడం, ఎర్ర కాగితం అంటించిన టార్చి వెలుగులో పుస్తకంలో టిక్కు పెట్టడం. కృత్తికలు, మృగశిర దగ్గరి నీహారిక, పీతలాంటి మసక మరక. పదికల్లా ఇరవై ఎనిమిది. పదకొండున్నరకల్లా నలభై ఎనిమిది. ఆడపడుచు ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చి, ఒకసారి గొట్టంలో కన్ను పెట్టింది.

"ఏమీ లేదు, పొగమంచు."

"నా కంటికి పెట్టినది నీకు పనికిరాదే. ఆ చక్రం తిప్పుకో."

తిప్పింది. కాసేపు చూసింది. "ఇప్పుడు కొంచెం తక్కువ పొగమంచు," అని వాన్‌లోకి వెళ్ళి పడుకుంది.

అర్ధరాత్రికి కన్యారాశి నడినెత్తికి వచ్చింది. జాబితాలో అందరినీ ఏడిపించే చోటది. అరచేయంత ఆకాశంలో పదహారు గెలాక్సీలు, వాటి మధ్య జాబితాలో లేనివి ఇంకా ఎన్నో. ఒక్కదాని దగ్గర దారి తప్పితే మళ్ళీ మొదటికి రావాలి. అలాంటి మసక వస్తువును సూటిగా చూస్తే కనబడదు, కాస్త పక్కకి చూడాలి. కంటి మధ్య భాగం కంటే అంచులకే చీకట్లో చూపు ఎక్కువ. ఆమె యాభై రెండోదాన్ని అలా పక్కచూపుతో పట్టుకోబోతుంటే కుడివైపు భగ్గున వెలుగు మెరిసింది.

"లైటెయ్యకే!" అని అరిచింది. "చీకటికి అలవాటు పడిన కళ్ళు పాడైపోతాయని చెప్పానా లేదా?"

వాన్ లోపలినుంచి నిద్రమత్తు గొంతు. "నేనేం వెయ్యలేదు. పడుకుని ఉన్నా."

ఉల్క అయి ఉంటుంది అనుకుంది. పుస్తకంలో పక్కన రాసుకుంది కూడా. ఐదు నిమిషాలకు ఇంకొకటి. అదే చోట, అదే వంపు తిరిగిన గీత. మూడోది వచ్చినప్పుడు ఆమె చెయ్యి గొట్టం మీదే ఆగిపోయింది. ఉల్కలు మూడూ ఒకే చోట రాలవు.

కుర్చీలో కూర్చుని రెండు కళ్ళూ మూసుకుంది. మూసుకున్న కుడి కంటిని నెమ్మదిగా ఎడమకు తిప్పింది. చీకట్లో, రెప్పల లోపల, కుడి అంచున తెల్లటి కొడవలి మెరిసి ఆరిపోయింది.

మెరుపులు, అని డాక్టరమ్మ గొంతు చెవిలో పలికింది. మసి ఏదీ? తెర ఏదీ? అవి లేవుగా? వయసు వచ్చినవాళ్ళకు కంటిలోపలి జెల్లీ వదులై మెరుపులు రావడం మామూలేనని ఇంకో డాక్టరు ఎవరో అనగా విన్నది. ఆ మాటను రెండు చేతులా పట్టుకుంది. టార్చి ఎర్ర చుక్క మీద చూపు నిలిపి ఒక్కో కన్నూ మూసి చూసింది. అన్ని వైపులా బాగానే ఉంది.

వాన్ పదడుగుల దూరంలో ఉంది. లేచి తలుపు కొడితే చాలు. కానీ కొడితే ఏం చెప్పాలి? చెప్పిన మరుక్షణం అది నిజమైపోతుంది. చెప్పకపోతే ఇంకా కాలేదు. ఆమె కళ్ళు తుడుచుకుని మళ్ళీ గొట్టంలో కన్ను పెట్టింది.

ఆ తర్వాత మూడు గంటలు ఆమె వెతికింది ఆనందంతో కాదు. ఎవరో తరుముకొస్తున్నట్టు వెతికింది. యాభై ఐదు. అరవై. ఈ కంటికి ఇదే ఆఖరి రాత్రి అయితే? అరవై నాలుగు. గడ్డిలో ఏదో కదిలితే ఒళ్ళు జలదరించింది, కానీ ఆ భయం క్షణంలో పోయింది. కుక్కో, నక్కో, ఏదైతేనేం, అది బయట ఉంది. ఇది లోపల ఉంది.

ఒకటిన్నరకు, పటం మీదకి వంగినప్పుడు, ఎవరో గుప్పెడు మసి గాల్లో చల్లినట్టయింది. నల్లటి నలుసులు వందల కొద్దీ కాగితం మీద ఈదుతున్నాయి. కళ్ళద్దాలు తీసి చీరకొంగుతో గట్టిగా తుడిచింది. అద్దాల మీద ఉంటే కదా పోవడానికి. పై ప్రాణాలు పైనే పోయాయి. ఇప్పుడిక జెల్లీ అనడానికి లేదు. పొర ఎక్కడో చిరిగింది, నెత్తురు చిందింది. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఆ సంగతి ఎందరికో జరిగిందని విన్నది.

లేచి వాన్ దాకా వెళ్ళింది. తలుపు మీద చెయ్యి పెట్టింది. లోపల ఆడపడుచు గుర్రు వినబడుతోంది. నోరు పెగల్లేదు. అలా ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు. వెనక్కి వచ్చి కూర్చుని అరవై తొమ్మిదోది వెతికింది. ఆ పని ఎందుకు చేసిందని తర్వాత ఎందరు అడిగినా ఆమె ఒక్కటే చెప్పేది: "చేతులకి అది తెలుసు. మిగతాదేం చెయ్యాలో తెలీలేదు."

మూడున్నర అవుతుండగా వృశ్చికం పైకి వచ్చింది. దాని గుండె దగ్గరున్న గుంపును సునాయాసంగా పట్టుకుని, ఆ పక్కనే ఉన్న ఎనభై మూడోదాన్ని గొట్టంలోకి తెచ్చుకుంది. చిన్నది, గుండ్రటిది, నూలు ఉండలా ఉంది. అంతా బాగానే ఉంది, ఒక్కటి తప్ప. గొట్టంలో కనిపించే వృత్తం గుండ్రంగా లేదు. కింద, ముక్కు వైపు, ఎవరో కొరికినట్టు అంచు పోయింది.

మంచు పట్టిందేమో అని అద్దం తుడిచింది. గొట్టం మూతి చూసింది. ఏమీ లేదు. మళ్ళీ కన్ను పెట్టి చూపును పైకి తిప్పింది. ఆ కొరుకుడు కూడా కంటితోపాటే పైకి వచ్చింది. ఎడమ కన్ను పెట్టింది. వృత్తం నిండుగా, చక్కగా ఉంది.

అప్పుడు ఆమె నోటినుంచి వచ్చింది మాట కాదు, కేక. కొండ అవతలికి వినిపించే కేక. ఆడపడుచు చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చింది.

"పాము కరిచిందా? వదినా! ఎక్కడ?"

"కన్ను. కన్ను పోతోందే. తెర వచ్చేస్తోంది. నాన్నకి వచ్చినట్టే."

ఆడపడుచు ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. వదినను చంకల కింద పట్టుకుని లేపి, వాన్ వెనక పొడుగు సీటు మీద వెల్లకిలా పడుకోబెట్టింది. టెలిస్కోపును అక్కడే గచ్చు మీద వదిలేసింది.

"తల కదపకు. కళ్ళు కూడా తిప్పకు. నేను మెల్లగా తీసుకెళ్తా."

"మెల్లగా వద్దు, తొందరగా!"

"కుదిపితే ఇంకా చిరుగుతుందేమో వదినా!"

"అయ్యో, అది కూడా నిజమే," అని ఆమె ఏడవడం మొదలుపెట్టింది. ఏడిస్తే కన్ను కదులుతుందేమోనని మళ్ళీ ఆపుకుంది.

ఆ కొండ దారి దిగడానికి నలభై నిమిషాలు పట్టింది. ప్రతి గుంతకూ ఆడపడుచు ముందే కేక వేసేది, "గుంత!" అని. ఆమె రెండు చేతులతో తల బిగించి పట్టుకునేది. సీటు కింద ఏదో పిల్ల వదిలేసిన నీళ్ళ సీసా మలుపు మలుపుకీ అటూ ఇటూ దొర్లుతోంది. తల మీద వాన్ కప్పు, దానికి అంటించిన అక్షరాల బొమ్మలు, చీకట్లో లీలగా కనబడుతున్నాయి. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని, ఎడమ కన్ను మూసి కుడి కంటితో వాటినే చూస్తూ పడుకుంది. కింది వరస కనబడటం లేదు. కాసేపటికి రెండో వరస కూడా సగం కనబడలేదు. "పైకి వస్తోంది," అని చెబుతూనే ఉంది. "ఇంకా పైకి వస్తోంది." ఆడపడుచు, "గుంత!" అని మాత్రం అరిచింది.

కొండ దిగాక ఫోను పలికింది. అన్నకు ఫోన్ చేసి, "కంటాసుపత్రి గేటు దగ్గర ఉండు, ఏమీ అడక్కు," అని పెట్టేసింది ఆడపడుచు.

ఆరు గంటలకు ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు కంట్లో చుక్కలు వేసి, తలకు దీపం కట్టుకుని చాలాసేపు చూశాడు. పక్కన ఆడపడుచు, గుమ్మం దగ్గర భర్త.

"మెరుపులు ఎప్పుడు మొదలయ్యాయమ్మా?"

"పన్నెండున్నరకి," అంది ఆమె.

ఆడపడుచు గిర్రున తిరిగింది. "ఎన్నింటికి?"

"పన్నెండున్నరకి. మసి ఒకటిన్నరకి."

"నన్ను లేపింది మూడున్నరకి కదా!"

డాక్టరు ఇద్దరినీ చూసి, గొంతు సవరించుకుని, "మధ్య భాగం ఇంకా అంటుకునే ఉంది. అదృష్టం. మధ్యాహ్నంలోపు ఆపరేషన్ చేసేస్తారు," అన్నాడు.

అదృష్టం అన్న మాట విన్నాక ఆడపడుచు వరండాలోకి వెళ్ళి నిలబడింది. భర్త వెనకే వెళ్ళాడు. ఆవిడ ఏడుస్తూ అన్న మాటలు లోపలికి వినబడ్డాయి. "మూడు గంటలు, అన్నా! పక్కనే ఉన్నా. గుర్రుపెట్టి నిద్రపోయా. ఒక్కసారి తలుపు కొడితే సరిపోయేది. నేనేమన్నా పరాయిదాన్నా?"

ఆపరేషన్ రెండు గంటలు పట్టింది. మెలకువలోనే చేశారు. కన్ను మొద్దుబారింది గానీ వెలుగు తెలుస్తోంది, నీళ్ళ అడుగునుంచి చూస్తున్నట్టు నీడలు కదులుతున్నాయి. ఆమె ఆకుపచ్చ గుడ్డ కింద పిడికిళ్ళు బిగించుకుని పడుకుంది. నర్సు ఎవరో చెయ్యి పట్టుకుంటే, అయిపోయేదాకా వదల్లేదు. చిరిగిన చోట అతికించి, ఊడిన పొర గోడకు ఆనుకునేలా కంటిలో గాలిబుడగ లాంటిది నింపారు. అది లోపల సరైన చోట ఒత్తాలంటే వారం రోజులు ముఖం కిందికి పెట్టే ఉండాలి. తిన్నా, కూర్చున్నా, పడుకున్నా.

ఇంట్లో మంచం చివర తల వేలాడేలా బోర్లా పడుకోబెట్టారు. ఆమెకు కనిపించేది నేల ఒక్కటే. మొదటి రాత్రి నిద్రపోలేదు. నిద్రలో పొరపాటున వెల్లకిలా తిరిగితే? ఆ ఆలోచన వచ్చిన ప్రతిసారీ ఉలిక్కిపడి మంచం కోళ్ళు పట్టుకునేది. అది చూసి భర్త తన చాప తెచ్చి సరిగ్గా ఆమె ముఖం కింద పరుచుకుని వెల్లకిలా పడుకున్నాడు.

"నువ్వు తిరిగితే నాకు తెలుస్తుంది. పడుకో," అన్నాడు.

"ముక్కు మీద పడతానేమో."

"నా ముక్కు ఎలాగూ చప్పిడిదే, ఫరవాలేదు."

ఆమె మెల్లగా అంది. "నాన్నని ఎన్ని మాటలన్నానో. తొమ్మిది రోజులెలా దాచావు, పిచ్చివాడివా అని. పాపం, ఆయనకి భయమేసింది. అంతే. నాకూ అంతే. నోరు రాలేదు."

ఆయన కింద పడుకునే చెయ్యి పైకి చాచి ఆమె తల నిమిరాడు.

మూడో రోజు ఆడపడుచు వచ్చింది. కోపం ఇంకా తగ్గలేదు. అయినా గచ్చు మీద బోర్లా పడుకుని, గెడ్డం కింద చేతులు పెట్టుకుని, వదిన ముఖంలోకి చూసింది.

"టెలిస్కోపు తెచ్చేశా. కొండెక్కి మళ్ళీ దిగా, నీకోసం కాదు, అన్న పీట చేశాడని. అద్దానికి దెబ్బేం తగల్లేదు."

"ఇంకెప్పుడూ దాచనే."

"ఒట్టు?"

"ఒట్టు."

"నీ ఒట్లు నేను నమ్మను," అంది ఆడపడుచు. కానీ సాయంత్రం దాకా అక్కడే ఉంది.

బుడగ తగ్గుతున్న కొద్దీ చూపు పైనుంచి కిందికి, రోజుకు కాస్త చొప్పున దిగి వచ్చింది. రెండు నెలలకు ఆమె కొట్టుకు వెళ్ళింది. సూటి గీతలు కుడి కంటికి కాస్త వంకరగా కనబడతాయి. ఆ వంకర పోదన్నారు. ఎడమ కంట్లో పొర బలహీనంగా ఉన్నచోట ముందే లేజరుతో కుట్లలా వేశారు. యంత్రం మీద మొదటి గాజు పెడితే అది ముక్కలైంది. రెండోది సరిగ్గా కూర్చుంది.

మరుసటి ఏడు ఆ రాత్రి వచ్చినప్పుడు ఆమె తలుపులేసుకుని ఇంట్లో కూర్చుంది. ఆకాశం వైపు చూడలేదు. ఆ పై ఏడు ఆడపడుచే వచ్చి అడిగింది.

"మచ్చలకి వెళ్దామా?"

"నాకు భయమే."

"నాకూ భయమే. అందుకే ఈసారి నేను పడుకోను. అరగంటకోసారి అడుగుతా. నిజం చెప్పాలి."

ఈసారి ఫోను పలికే చోటు, ఆసుపత్రికి అరగంట దూరం. ఆకాశం అంత చీకటి కాదు, కొన్ని వస్తువులు పోతాయి, పోనీ అనుకున్నారు. ఆమె ఎడమ కంటితో చూసింది. రాత్రంతా ప్రతి చిన్న మెరుపుకీ, దారిన పోయే లారీ దీపానికి కూడా, గుండె గుభేలుమంటూనే ఉంది. గడియారం చూసుకుంటూ ఆడపడుచు అడిగేది, "కన్ను?" ఆమె ఆగి, రెండు కళ్ళూ విడివిడిగా చూసుకుని, "బాగుంది," అనేది. ఒకసారి, "తెలీదు, ఉండు," అంది. అప్పుడు ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. రెప్పకు అంటిన వెంట్రుక అది. తెల్లారేసరికి తొంభై ఏడు అయ్యాయి. మిగతావి వెలుగులో మునిగిపోయాయి.

తిరుగు దారిలో ఆమె వాన్ ముందు సీట్లో కూర్చుంది. పెద్ద రోడ్డు ఎక్కాక ఆడపడుచు అలవాటు కొద్దీ అడిగింది.

"కన్ను?"

జవాబు లేదు.

"వదినా, కన్ను?"

జవాబు లేదు. ఆడపడుచు వాన్‌ను రోడ్డు పక్కకి లాగి, బ్రేకు తొక్కి, వదిన భుజం పట్టుకుని కుదిపేసింది.

"నిద్రపోతున్నానే," అంది ఆమె, కళ్ళు తెరవకుండానే. "బండి పోనీ."

ఆడపడుచు స్టీరింగు మీద తల ఆనించి కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత వాన్‌ను మళ్ళీ రోడ్డెక్కించింది.